పట్టేసిన నట్లు, పిన్నులు: పాత బోటు గేర్ కేబుల్ మార్చే పూర్తి విధానం

పాత బోటులో గేర్ కేబుల్ మార్చడానికి దిగినవాళ్లను ఇబ్బంది పెట్టేది కొత్త కేబుల్ కాదు. కష్టమంతా పాతదాన్ని విప్పడంలోనే ఉంటుంది. ఏళ్ల తరబడి ఉప్పుగాలిలో, బోటు అడుగున తేమలో ఉన్న నట్టు గానీ పిన్ను గానీ క్లాంపు స్క్రూ గానీ మామూలుగా కదలదు. పానా వేస్తే మూలలు అరిగిపోతాయి, స్క్రూడ్రైవర్ వేస్తే గాడి చెదిరిపోతుంది, సుత్తి ఎత్తితే ఆ దెబ్బ గేర్‌బాక్స్ మీద పడుతుంది.

అందుకే పనిముట్టు పట్టుకునే ముందే ఒక సంగతి తేల్చుకోవాలి. పట్టేసిన ప్రతి జాయింటులోనూ రెండు భాగాలుంటాయి. ఒకటి ఎలాగూ పారేసేది, రెండోది కాపాడుకోవాల్సింది. కేబుల్, దాని చివరి నట్టు, క్లెవిస్ (కేబుల్ కొసను లీవర్‌కు పిన్నుతో కలిపే రెండు చెవుల ముక్క), కాటర్ పిన్ను (ఆ పిన్ను జారకుండా రెండు కాళ్లు వంచి పెట్టే సన్నటి పిన్ను), క్లాంపు స్క్రూలు చవక, ఎక్కడైనా కొత్తవి దొరుకుతాయి. గేర్‌బాక్స్ లీవర్, ఆ లీవర్ ఎక్కిన షాఫ్టు, అల్యూమినియం బ్రాకెట్, కంట్రోల్ బాక్సు (బోటు నడిపేవాళ్ల చేతి దగ్గర గేరు వేసే లీవర్ ఉన్న పెట్టె) ఖరీదైనవి. పాత మోడళ్లకైతే డబ్బు పెట్టినా దొరకవు. చాలామంది పాత కేబుల్‌ను చెక్కుచెదరకుండా బయటికి తీయాలని గంటల తరబడి కుస్తీ పడతారు, ఆ కుస్తీలో లీవర్ వంగిపోతుంది. నా మాట నమ్మి కేబుల్‌ను బలి ఇవ్వండి, లీవర్‌ను కాపాడుకోండి. కింద చెప్పే ప్రతి అడుగూ ఈ ఒక్క ఆలోచన మీదే నడుస్తుంది.

ఇన్‌బోర్డు ఇంజిన్లకు, అంటే బోటు లోపలే ఉండే ఇంజిన్లకు విరివిగా వాడే 33సీ రకం పుష్-పుల్ (తోసినా లాగినా పనిచేసే) కేబుల్‌ను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. దాని చివర 10-32 థ్రెడ్డు (పది నంబరు సైజు, అంగుళానికి 32 చుట్లు) ఉన్న స్టీలు కడ్డీ, దాని వెనక క్లాంపు కూర్చునే గాడి ఉంటాయి. ఇదే తరహాలో కాస్త పెద్దదైన 43సీ కేబుల్‌కు థ్రెడ్డు పావు అంగుళం, అంగుళానికి 28 చుట్లు. ఋషికొండ బీచ్‌లోనో హుస్సేన్ సాగర్‌లోనో తిరిగే స్పీడ్ బోటయినా, డాలస్‌లోనో అట్లాంటాలోనో మనవాళ్లు సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కున్న బోటయినా, కంట్రోల్ లీవర్ నుంచి ఇంజిన్ దాకా మెకానికల్ కేబులే వెళ్తుంటే ఇందులో చాలా భాగం అలాగే పనికొస్తుంది.

విప్పే ముందు

బోటు గట్టు మీద ఉంటే మంచిది. నీళ్లలో ఉంటే గట్టిగా కట్టేయండి. ఇంజిన్ ఆపి, తాళం తీసి జేబులో వేసుకుని, బ్యాటరీ నెగటివ్ వైరు విప్పండి. గేర్ కేబుల్ విడదీసిన బోటులో ఎవరైనా తెలియక ఇంజిన్ స్టార్ట్ చేస్తే అది ఏ గేర్‌లో ఉందో చెప్పలేం.

పెట్రోలు బోటయితే ఇంకో జాగ్రత్త. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువైనది, బోటు అడుగున పేరుకుంటుంది. ఇంజిన్ మూత తెరిచి, బ్లోయర్ (ఆవిరిని బయటికి తోసే ఫ్యాను) నడిపి, గాలి పూర్తిగా మారాకే లోపలికి దిగండి. బ్యాటరీ వైరు విప్పేది ఆ తరవాతే. ఇంజిన్ గదిలో గ్యాస్ టార్చి వెలిగించే ఆలోచనే వద్దు. హీట్ గన్ లోపలి తీగ కూడా ఎర్రగా కాలుతుంది, గ్రైండర్ నిప్పురవ్వలు చిమ్ముతుంది. వేడి, నిప్పురవ్వ ఉన్న పని ఏదైనా సరే, ముక్కను బయటికి తెచ్చి బల్ల మీదే చేయాలి. కోసి బయటికి తేవడమే మేలని పదేపదే చెప్పడానికి ఇదొక ముఖ్య కారణం.

తరవాత ఫోటోలు. కంట్రోల్ బాక్సు వైపు, గేర్‌బాక్స్ వైపు, రెండు చివరలనూ నాలుగు పక్కల నుంచి తీయండి. లీవర్‌కు రెండు మూడు రంధ్రాలుంటే పిన్ను ఏ రంధ్రంలో ఉందో పెయింటుతో గుర్తు పెట్టండి. కంట్రోల్ బాక్సులో ఇది ఇంకా ముఖ్యం. చాలా బాక్సుల్లో కేబుల్‌ను ఒక రంధ్రంలో పెడితే లీవర్ ముందుకు తోసినప్పుడు కేబుల్ బయటికి నెట్టుకొస్తుంది, ఇంకో రంధ్రంలో పెడితే లోపలికి లాగుతుంది. తారుమారైతే ఫార్వర్డ్ వేసినప్పుడు బోటు వెనక్కి పోతుంది.

లీవర్‌ను న్యూట్రల్‌లో పెట్టి, క్లాంపు గాడి నుంచి క్లెవిస్ పిన్ను మధ్య భాగం వరకు దూరం కొలిచి రాసుకోండి. కేబుల్ పైతొడుగు మీద అచ్చు వేసిన పార్టు నంబరు కూడా రాసుకోండి, చాలాసార్లు అందులోనే పొడవు ఉంటుంది. చెరిగిపోతే, పాత కేబుల్ బయటికొచ్చాక ఒక చివరి థ్రెడ్డు కొస నుంచి రెండో చివరి కొస దాకా కొలవండి. ఈ కేబుల్ పొడవు లెక్క కొస నుంచి కొసకే, అడుగుల్లో.

నూనె పని, ఓపిక పని

వైర్ బ్రష్‌తో ప్రతి జాయింటునూ గీకి తుప్పు, ఉప్పు, పాత పెయింటు రాల్చండి. పైన పెయింటు పొర ఉంటే ఎంత నూనె పోసినా లోపలికి దిగదు. తరవాత పెనెట్రేటింగ్ ఆయిల్ వేయండి. డబ్ల్యూడీ-40 అందరి దగ్గరా ఉంటుంది గానీ అది ప్రధానంగా తేమను తరిమే మందు, పేరులోని ‘డబ్ల్యూడీ’కి అర్థం కూడా అదే. బాగా పట్టేసిన వాటికి పీబీ బ్లాస్టర్, క్రాయిల్ లాంటి, తుప్పు వదిలించడానికే చేసినవి మేలు. అవి దొరక్కపోతే ఎసిటోన్, ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్ (ఏటీఎఫ్) సగం సగం కలిపి చాలామంది వాడతారు. ఆ రెండూ నిలవలేక విడిపోతాయి కాబట్టి ప్రతిసారీ కుదిపి చుక్కలుగా వేయాలి. ఎసిటోన్ ఇట్టే అంటుకుంటుంది, ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది, బోటు జెల్‌కోట్‌ను (ఫైబర్ మీది నున్నటి పైపూతను) పాడుచేస్తుంది. కింద గుడ్డ పరవండి.

ఒకసారి పోసి పానా పట్టుకోవద్దు. సాయంత్రం వేసి, చిన్న సుత్తితో టకటకా తేలికగా కొట్టి, రాత్రంతా వదిలేయండి. పొద్దున మళ్లీ వేయండి. ఆ తేలిక దెబ్బలకు తుప్పు పొరలో సన్నని పగుళ్లు వస్తాయి, నూనె వాటిలోంచి దిగుతుంది. తొందర ఉన్నవాళ్లు కూడా ఈ ఒక్క రాత్రిని దాటేయకూడదు.

మొదటి జాయింటు: గేర్‌బాక్స్ లీవర్ దగ్గరి పిన్ను

ఇక్కడే ఎక్కువ నష్టం జరుగుతుంది. లీవర్ ఎక్కిన షాఫ్టు గేర్‌బాక్స్ లోపలికి వెళ్తుంది. హైడ్రాలిక్ గేర్‌బాక్సుల్లో అది వాల్వును కదుపుతుంది. దాని చుట్టూ ఆయిల్ సీలు, న్యూట్రల్ ఎక్కడుందో చేతికి తెలిసేలా టక్కుమనే డిటెంట్ బాల్, స్ప్రింగు ఉంటాయి. లీవర్ మీద కొట్టిన ప్రతి సుత్తిదెబ్బా వీటి మీద పడుతుంది.

ముందు కాటర్ పిన్ను. వంచిన కాళ్లను సరిచేసి లాగాలని చూడకండి, తుప్పు పట్టినవి మధ్యలోనే విరుగుతాయి. కటింగ్ ప్లయర్‌తో రెండు కాళ్లనూ మొదలంటా కత్తిరించి, తల పట్టుకుని లాగండి. రాకపోతే రంధ్రం కన్నా సన్నటి పంచ్‌తో తట్టి తోసేయండి. అదీ రాకపోతే దాంతో కుస్తీ పడకండి, కింద చెప్పినట్టు క్లెవిస్ పిన్నునే కోసేయవచ్చు.

ఇప్పుడు క్లెవిస్ పిన్ను. దాన్ని కొట్టి తోయడం కన్నా ముందు తిప్పడం మంచిది. వైస్ గ్రిప్‌తో (పట్టు లాక్ అయ్యే ప్లయర్‌తో) పిన్ను తలను గట్టిగా పట్టి, కొంచెం అటూ ఇటూ తిప్పండి. వెంట్రుకవాసి కదిలినా చాలు, అక్కడ నూనె వేసి మళ్లీ తిప్పండి. తిరిగే పిన్ను బయటికొస్తుంది.

తిరగకపోతే సుత్తికి బదులు సీ-క్లాంపు వాడండి. పిన్ను తల కన్నా పెద్ద రంధ్రం ఉన్న చిన్న సాకెట్‌ను తల వైపు పెట్టి, రెండో వైపు పిన్ను కొస మీద దానికన్నా సన్నటి బోల్టు ముక్క పెట్టి, సీ-క్లాంపు బిగిస్తూ పోండి. పిన్ను నెమ్మదిగా సాకెట్‌లోకి జారుతుంది. ఈ పద్ధతిలో బలమంతా పిన్ను మీదే పడుతుంది, షాఫ్టుకు ఏమీ తెలియదు. సీ-క్లాంపు పట్టే చోటు లేక సుత్తి తప్పనిసరైతే, లీవర్ అవతలి వైపు బరువైన ఇంకో సుత్తి తలను ఆనించి పట్టుకుని కొట్టండి. దెబ్బ బలం ఆ బరువులోకే పోతుంది.

దీనికీ లొంగకపోతే కోయండి. ఒట్టి హాక్సా బ్లేడుకు ఒక చివర టేపు చుట్టి చేత్తో పట్టుకుని, క్లెవిస్ చెవికీ లీవర్‌కూ మధ్య సందులో పిన్నును కోయండి. రెండు వైపులా కోస్తే కేబుల్, క్లెవిస్‌తో సహా విడిపోతుంది. పిన్ను ముక్క మాత్రం లీవర్ రంధ్రంలో మిగులుతుంది. అప్పుడు షాఫ్టు మీద లీవర్ ఏ కోణంలో ఉందో పంచ్‌తో గుర్తు పెట్టి, లీవర్ బిగించే బోల్టు లూజు చేసి, లీవర్‌నే బయటికి తీసేయండి. బల్ల మీద వైస్‌లో పెట్టి వేడిచేసి ఆ ముక్కను తోసేయడం ఎంతో సులువు. మీ దగ్గర వైస్ లేకపోతే ఏ లేత్ షాపులోనైనా ప్రెస్ మీద నిమిషాల్లో తీసిస్తారు. రంధ్రం అరిగి కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చి ఉంటే అప్పుడే చెప్పి బుష్ వేయించుకోండి.

కేబుల్ విడిపోగానే చేయాల్సిన పరీక్ష ఒకటుంది. లీవర్ ఇంకా షాఫ్టు మీదే ఉంటే, దాన్ని చేత్తో ఫార్వర్డ్, న్యూట్రల్, రివర్స్‌లోకి కదిపి చూడండి. ప్రతి చోటా టక్కుమని కూర్చోవాలి. లీవరే బిగుసుకుపోయి ఉంటే తప్పు కేబుల్‌ది కాదు, కొత్త కేబుల్ వేసినా గేరు గట్టిగానే ఉంటుంది. లీవర్ వదులుగా తిరుగుతూ, అటువైపు కంట్రోల్ మాత్రం ఇంకా గట్టిగా ఉంటే తప్పు కేబుల్‌దో కంట్రోల్ బాక్సుదో అయి ఉంటుంది. కేబుల్ లోపల నూనె పోసి బతికించాలని చూడకండి. తొడుగు పగిలి నీళ్లు దిగి, లోపలి తీగ తుప్పు పట్టిన కేబుల్ మళ్లీ బిగుసుకుపోతుంది. అదీ గట్టుకు చేరేటప్పుడు రివర్స్ పడాల్సిన క్షణంలో జరిగితే ప్రమాదం.

రెండో జాయింటు: క్లెవిస్, లాక్ నట్టు

క్లెవిస్ కొత్తది కొనేట్టయితే ఇక్కడ పనేమీ లేదు, కేబుల్‌తోపాటే పారేయండి. కానీ కొన్ని ఇంజిన్లకు ఆ కంపెనీ సొంత ఎండ్ ఫిట్టింగ్ ఉంటుంది, అది దొరకదు. అప్పుడు కేబుల్ కడ్డీని లాక్ నట్టుకు రెండు వేళ్ల దూరంలో కోసేయండి. చేతిలో మిగిలేది ఫిట్టింగ్, నట్టు, చిన్న కడ్డీ ముక్క. దాన్ని బయటికి తెచ్చి, నూనె బాగా తుడిచి, వైస్‌లో ఫిట్టింగ్‌ను పట్టించి వేడి చేయండి. నట్టు మొండికేస్తే నట్టు స్ప్లిటర్‌తో చీల్చండి, లేదా ఒక పక్క ఆకురాయితో థ్రెడ్డు దాకా అరగదీయండి. నట్టు పోయాక కడ్డీ ముక్కను వైస్ గ్రిప్‌తో పట్టి ముందు కొంచెం బిగించే వైపు, తరవాత విప్పే వైపు తిప్పండి. ఆ మొదటి బిగింపుతో చాలాసార్లు తుప్పు అతుకు తెగుతుంది.

మూడో జాయింటు: బ్రాకెట్ మీద క్లాంపు స్క్రూలు

కేబుల్ గాడిని బ్రాకెట్‌కు పట్టి ఉంచే క్లాంపుకు చిన్న స్క్రూలుంటాయి. చూడటానికి అల్పంగా ఉంటాయి గానీ పనిని ఆపేసేది ఇవే. స్టెయిన్‌లెస్ స్క్రూ అల్యూమినియం బ్రాకెట్‌లో ఉండి, వాటి మధ్య ఉప్పునీళ్లు చేరితే బ్యాటరీలా పనిచేస్తుంది, అందులో కరిగిపోయేది అల్యూమినియమే. అది తెల్లటి పొడిగా మారి, ముందున్న లోహం కన్నా ఎక్కువ చోటు ఆక్రమించి థ్రెడ్డు మధ్య కూరుకుపోతుంది. అది తుప్పు కాదు కాబట్టి నూనె ఒక్కటే సరిపోదు. ఇక్కడ వేడే మందు.

వేడి ఎందుకు పనిచేస్తుందంటే, అల్యూమినియం స్టెయిన్‌లెస్ కన్నా ఎక్కువ వ్యాకోచిస్తుంది. మీటరు పొడవుకు డిగ్రీకి అల్యూమినియం సుమారు 23 మైక్రాన్లు, స్టెయిన్‌లెస్ సుమారు 17. బ్రాకెట్‌ను వేడిచేస్తే రంధ్రం కాస్త వదులవుతుంది. బ్రాకెట్ బయటికి తీయగలిగేది అయితే తీసి హీట్ గన్‌తో వేడిచేయండి. నీటి చుక్క వేస్తే చుయ్యిమనేంత వేడి చాలు. అల్యూమినియం ఇనుములా ఎర్రబడి హెచ్చరించదు, ఉన్నట్టుండి కరిగిపోతుంది. బ్రాకెట్ తీయడం కుదరకపోతే, గాలి శుభ్రంగా ఉందని ఖాయం చేసుకుని, పెద్ద సోల్డరింగ్ ఐరన్ మొనను స్క్రూ తల మీద కొన్ని నిమిషాలు ఆనించి, చల్లారాక తిప్పండి. వేడెక్కి, సాగి, మళ్లీ కుంచించుకుపోవడంలో అతుకు తెగుతుంది. పెట్రోలు బోటులో మాత్రం ఇది కూడా వద్దు. బ్రేక్ క్లీనర్‌తో తుడిచిన చోట ఎప్పుడూ వేడి పెట్టకండి. క్లోరిన్ ఉన్న రకాలు వేడికి విషవాయువును పుట్టిస్తాయి.

స్క్రూడ్రైవర్ విషయంలో ఒక మాట. యమహా, సుజుకీ, హోండా లాంటి జపాన్ ఇంజిన్ల ప్లస్ స్క్రూలు సాధారణంగా మామూలు ఫిలిప్స్ రకం కావు, జేఐఎస్ (జపాన్ ప్రమాణం) రకం. ఫిలిప్స్ బిట్టు అందులో పూర్తిగా దిగక ఎగిరి గాడిని చెరిపేస్తుంది. జేఐఎస్ బిట్టు పెద్ద ఖర్చు కాదు, కొనండి. దాన్ని సుత్తితో కొట్టే ఇంపాక్ట్ డ్రైవర్‌కు పెట్టి, ఎడమవైపుకు సెట్ చేసి కొడితే, బిట్టు లోపలికి దిగుతూనే స్క్రూ తిరుగుతుంది. బ్రాకెట్ పలచటి పోత అయితే వెనక ఏదైనా ఆనించడం మరవద్దు.

గాడి ఇప్పటికే పోయిందా? కంగారు పడకండి, తలను డ్రిల్ చేసేయండి. స్క్రూ కాండం మందం ఉన్న డ్రిల్లు బిట్టుతో తల మధ్యలో తొలిస్తే తల ఊడి వస్తుంది, క్లాంపు పైకి లేస్తుంది, కేబుల్ విడిపోతుంది. మిగిలిన కాండం బ్రాకెట్ పైకి పొడుచుకుని ఉంటుంది. తల మీద పట్టు పోయింది కాబట్టి ఇప్పుడు వేడి పెట్టి వైస్ గ్రిప్‌తో తిప్పితే చాలావరకు వచ్చేస్తుంది. అదీ విరిగితే ఎడమచేతి వాటం (విప్పే వైపు తిరుగుతూ తొలిచే) డ్రిల్లు బిట్టుతో సరిగ్గా మధ్యలో తొలవండి, కొన్నిసార్లు ఆ తిప్పుడుకే ముక్క బయటికొస్తుంది. ఈజీ-అవుట్ పనిముట్టును (విరిగిన స్క్రూ ముక్కలో తొలిచిన రంధ్రంలోకి దించి వెనక్కి తిప్పేది) మాత్రం చిట్టచివరికి అట్టేపెట్టండి. సన్నటి ఈజీ-అవుట్ లోపల విరిగితే, ఆ గట్టి స్టీలును మామూలు డ్రిల్లు తొలవలేదు. ముక్కను పూర్తిగా తొలిచేయాల్సి వస్తే, స్క్రూ 10-32 అయితే 4 మిల్లీమీటర్ల డ్రిల్లుతో తొలిచి, అదే సైజు ట్యాప్‌తో (థ్రెడ్డు కోసే పనిముట్టుతో) థ్రెడ్డు వేసుకోవచ్చు. థ్రెడ్డు పూర్తిగా పోయి రంధ్రం పెద్దదైతే హెలికాయిల్ (రంధ్రంలో కొత్త థ్రెడ్డుగా పనిచేసే తీగచుట్ట) వేయించండి.

కంట్రోల్ బాక్సు, అవుట్‌బోర్డు, స్టెర్న్ డ్రైవు

కంట్రోల్ బాక్సును బోటు గోడ నుంచి విప్పి ఒడిలోకి తెచ్చుకుని పనిచేయండి. కింద తెల్ల గుడ్డ పరవండి. లోపలి చిన్న క్లిప్పులు ఎగిరిపోతాయి, చాలా స్టెయిన్‌లెస్ క్లిప్పులను అయస్కాంతం పట్టదు. అవుట్‌బోర్డు (బోటు వెనక బయట తగిలించే) ఇంజిన్ల గేర్ లింకుల్లో ప్లాస్టిక్ బుష్‌లు, రబ్బరు గ్రోమెట్లు ఉంటాయి, అక్కడ వేడి పనికిరాదు. నూనె, ఓపిక, చివరికి కోత.

మెర్‌క్రూజర్ ఆల్ఫా లాంటి స్టెర్న్ డ్రైవుల్లో (ఇంజిన్ బోటు లోపల, ప్రొపెల్లర్‌ను తిప్పే డ్రైవు వెనక బయట ఉండే రకం) కింది గేర్ కేబుల్ అల్యూమినియం బెల్ హౌసింగ్‌లోకి థ్రెడ్డు ఫిట్టింగ్‌తో బిగించి ఉంటుంది. ఇదే అన్నిటికన్నా మొండిది. డ్రైవు దింపాక, కేబుల్‌ను ఆ ఫిట్టింగ్‌కు ఆనుకుని కోసేయండి. కేబుల్ అడ్డు తొలగితే లోతైన మామూలు సాకెట్ నేరుగా దిగుతుంది, ఓపెన్ పానాతో మూలలు అరగదీసుకోనక్కర్లేదు. దగ్గర్లోని రబ్బరు బెలోస్ (నీళ్లు రాకుండా ఆపే మడతల తొడుగు) తీసేశాకే హౌసింగ్‌ను వేడిచేయండి. ఆ రంధ్రం నీటి మట్టానికి కింద ఉంటుంది. అక్కడ థ్రెడ్డు పాడైనా, బెలోస్ చిరిగినా నీళ్లు నేరుగా బోటులోకి వస్తాయి. అక్కడ ఏమాత్రం అనుమానం ఉన్నా అనుభవం ఉన్న మెకానిక్‌కు అప్పగించడం పిరికితనం కాదు.

పాతదాన్ని లాగేయడం, కొత్తదాన్ని బిగించడం

పాత కేబుల్ లాగే ముందు దాని కొసకు గట్టి నైలాన్ తాడు కట్టి, ముడి మీద టేపు నున్నగా చుట్టండి. దారిలో ఉన్న క్లిప్పులు, టై‌లు అన్నీ కోశాకే లాగండి. తాడు ఆ దారిలో మిగిలితే కొత్త కేబుల్ సులువుగా వస్తుంది. మామూలు 33సీ కేబుల్‌ను 8 అంగుళాల వ్యాసార్ధం కన్నా బిగువుగా వంచకూడదు. పాతది అలా ఎక్కడైనా మెలిక పడి ఉంటే దారి మార్చండి, అది పాడవడానికి కారణం అదే కావచ్చు.

మళ్లీ పట్టేయకుండా ఉండాలంటే ఇప్పుడే చూసుకోవాలి. అల్యూమినియంలోకి వెళ్లే స్టెయిన్‌లెస్ స్క్రూలకు టెఫ్-జెల్, డ్యూరలాక్ లేదా లానొలిన్ ఉన్న మరైన్ గ్రీజు రాయండి. రాగి కలిసిన యాంటీ-సీజ్ వద్దు, రాగి అల్యూమినియాన్ని ఇంకా వేగంగా తినేస్తుంది. స్టెయిన్‌లెస్ మీద స్టెయిన్‌లెస్ నట్టు వేస్తుంటే పవర్ డ్రిల్లు వాడకుండా చేత్తో నెమ్మదిగా, నూనె రాసి తిప్పండి. వేగంగా తిప్పితే రెండూ ఒకదానికొకటి అతుక్కుపోతాయి, కొత్త నట్టు కూడా అక్కడికక్కడే పట్టేస్తుంది.

కంట్రోల్ న్యూట్రల్‌లో, గేర్‌బాక్స్ లీవర్ కూడా న్యూట్రల్ డిటెంట్‌లో ఉండగా, పిన్ను బలం లేకుండా వేలితోనే దూరేలా క్లెవిస్‌ను చుట్లు సర్దండి. కడ్డీ క్లెవిస్‌లోకి చాలినంత దిగాలి. యమహా కేబుల్ జాయింటుకు కనీసం 8 మిల్లీమీటర్లు అని చెబుతుంది, మీ ఇంజిన్ మాన్యువల్‌లో ఉన్న అంకె చూసుకోండి. ఆ తరవాత రెండు పానాలు వాడి, ఒకటి క్లెవిస్‌ను పట్టి, ఇంకోటి లాక్ నట్టు బిగించి, కొత్త కాటర్ పిన్ను వేయండి. పాతది బాగున్నా సరే మళ్లీ వాడొద్దు.

ఇంజిన్ ఆపి ఉండగానే ఫార్వర్డ్, రివర్స్‌లకు కంట్రోల్‌ను పూర్తిగా తోసి, గేర్‌బాక్స్ లీవర్ రెండు వైపులా డిటెంట్‌లో పూర్తిగా కూర్చుంటోందో లేదో పక్కవాళ్లను చూడమనండి. సగం పడిన గేరు క్లచ్ ప్లేట్లను కాల్చేస్తుంది. తరవాత బ్యాటరీ కలిపి, బోటు నీళ్లలో కట్టి ఉండగా, ప్రొపెల్లర్ దగ్గర మనుషులు, తాళ్లు లేవని చూసి స్టార్ట్ చేయండి. గేర్‌లో ఉంటే స్టార్ట్ కాకూడదు, న్యూట్రల్‌లోనే కావాలి. ఐడిల్‌లో ఫార్వర్డ్ వేస్తే తాడు ముందుకు, రివర్స్ వేస్తే వెనక్కి బిగియాలి. మొదటి కొన్ని గంటలు నడిపాక లాక్ నట్టు, క్లాంపు స్క్రూలు మరోసారి బిగించి చూడండి. ఉప్పునీటి బోటయితే ఏడాదికోసారి క్లెవిస్ పిన్ను తీసి, తుడిచి, గ్రీజు రాసి, కొత్త కాటర్ పిన్నుతో మళ్లీ పెట్టండి.